మొనొసు అని పాడినా మనసే

పిన్నిగారూ,

నాకు 23 ఏళ్లు. మాది బరంపురం. నాన్నకి అప్పడాలు, ఊరగాయల దుకాణం ఉంది. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. చదువు మాత్రం ఒడియా మీడియం, ఆ తర్వాత ఇంగ్లిషు. తెలుగు చదవడం, రాయడం రాదు. అందుకే ఈ ఉత్తరం ఒడియా అక్షరాల్లో రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

పోయిన నెల మేం నలుగురం విశాఖపట్నంలో ఒక పెద్ద కాన్సర్ట్‌కి వెళ్లాం. నేను, మా మావయ్య కూతురు, నా స్కూలు స్నేహితురాలు, ఆమె చెల్లెలు. వాళ్లిద్దరూ ఒడియావాళ్లు. మైదానం నిండా జనం. మధ్యలో బాలుగారిని తలుచుకుంటూ ఒక పాత పాట ఎత్తుకున్నారు. మా నాన్న రోజూ రాత్రి దుకాణం షట్టర్ దించుతూ కూనిరాగం తీసే పాట అది. స్టేజీ పక్క తెర మీద పాట మొత్తం అక్షరాల్లో వేశారు. నాకు చదవడం రాదు కదా. కానీ అంతమంది ఒక్కసారి అందుకునేసరికి నాకూ చివరిదాకా వచ్చేసింది. పాడుతూ పాడుతూ వెక్కి వెక్కి ఏడ్చాను. నా స్నేహితురాలు నవ్వుతూ వీడియో తీసింది. మర్నాడు తన స్టేటస్‌లో పెట్టింది. దానికి అందరూ నవ్వే బొమ్మలు పంపారు. ఎందుకు ఏడ్చావని అడిగితే కంట్లో దుమ్ము పడిందన్నాను. అప్పట్నుంచి తనతో సరిగ్గా మాట్లాడట్లేదు.

తిరిగొచ్చాక రెండు రోజులు చెవుల్లో గుయ్‌మని మోత. పది రోజులు ఏ పనీ చేయబుద్ధి కాలేదు. విశాఖలో ఉద్యోగం చూసుకుని మనవాళ్ల మధ్యే ఉండిపోవాలనిపిస్తోంది. హైదరాబాదులో ఇంకో కాన్సర్ట్ ఉందంటున్నారు, అమ్మ వద్దంటోంది. అందరూ సంతోషంగా గెంతే చోట నేనొక్కదాన్నే ఏడవడం ఏమిటి? నాలో ఏమైనా తేడా ఉందా? అన్నట్టు, ఆ రాత్రి స్టేషన్‌కి వెళ్తుంటే ఆటో అతను "మీరు ఒరిస్సావాళ్లా?" అని అడిగాడు. ఎందుకో అది మాటిమాటికీ గుర్తొస్తోంది.

— బరంపురం నుంచి ఒక అమ్మాయి

* * *

అమ్మాయీ,

పిన్నిగారూ అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. నీ ఉత్తరం పైకి చదివితే గానీ అర్థం కాలేదు. ఒడియా లిపిలో ఎ, ఏ లకి తేడా లేదు, ఒ, ఓ లకీ లేదు. నువ్వు "పెట్టింది" అని రాసింది నా కంటికి "పేట్టింది"లా ఉంది. గొంతెత్తి చదివితే మాత్రం అచ్చం మా వీధిలో అమ్మాయి ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టు వినిపించింది. వంటింట్లోంచి మా ఆయన "ఎవరొచ్చారు?" అని అడిగారు కూడా. నేను పర్లాకిమిడి దాన్ని, ఒడియా చదవగలను. కాబట్టి ఏమీ అనుకోలేదు. మా ఇంట్లోనే మా అబ్బాయి సరుకుల చీటీ "బెల్లం, కందిపప్పు" అని ఒడియాలో రాసుకుని వెళ్తాడు.

ముందు నీ "తేడా" సంగతి. ఏ తేడా లేదు. పాటకి ఒళ్లు జలదరించడం, కళ్లు చెమర్చడం చాలామందికి జరిగేదే. దీని మీద పరిశోధనలూ ఉన్నాయి. 2011లో కెనడాలోని మాంట్రియల్‌లో శాస్త్రవేత్తలు కొందరికి వాళ్లకి ఇష్టమైన సంగీతమే వినిపించి మెదడుని స్కాన్ చేశారు. మనసుకి హాయినిచ్చే డోపమైన్ అనే రసాయనం, పాటలో మనం ఎదురుచూసే చోటు వచ్చినప్పుడే కాదు, అది రాబోతోందని తెలిసినప్పుడు కూడా విడుదలవుతోందని చూశారు. అంటే, తెలిసిన పాటయితే పల్లవి మళ్లీ రాకముందే ఒళ్లు దానికి సిద్ధమైపోతుంది. నీకు ఆ పాట ఎంత తెలుసు? రోజూ రాత్రి షట్టర్ చప్పుడుతో కలిపి తెలుసు.

పైగా అది మైదానం. గదిలో సెల్‌ఫోన్‌లో విన్న పాట చెవిలో వినిపిస్తుంది, అక్కడ డ్రమ్ము దెబ్బ గుండెల మీద తగులుతుంది. ఇంకో సంగతి నువ్వు గమనించావో లేదో. ధ్వని సెకనుకి సుమారు 340 మీటర్లు వెళ్తుంది. స్టేజీకి వంద మీటర్ల వెనక ఉన్నవాళ్లకి పాట దాదాపు సెకనులో మూడో వంతు ఆలస్యంగా చేరుతుంది. వాళ్లు పాడింది ముందున్న నీకు చేరడానికి మళ్లీ ఇంకాస్త. అందుకే పెద్ద జనం మధ్య నిలబడి పాడుతుంటే, నువ్వు పాడేసిన మాటే వెనకనుంచి అలలా తిరిగొస్తుంది. నీ వెనక ఎంతమంది ఉన్నారో కళ్లకంటే చెవులకే ముందు తెలుస్తుంది. ఫ్రాన్సులో ఎమిల్ దుర్కైమ్ అనే సమాజ శాస్త్రవేత్త వందేళ్ల కిందటే, 1912లో, ఇలాంటి దాని గురించి రాశాడు. జనం ఒకచోట చేరి ఒకే పని ఒకేసారి చేస్తుంటే ఒక పొంగు పుడుతుందనీ, అందులో మనిషి తనకంటే పెద్దదానిలో కలిసిపోయినట్టు ఉంటుందనీ. బరంపురంలో ఠాకురాణి యాత్ర చూసినదానివి, నీకు దుర్కైమ్ చెప్పక్కర్లేదు. రెండేళ్లకోసారి పులి వేషాలు, డప్పుల మధ్య ఎంత నెమ్మదైన మనిషి అయినా కాలు కదపకుండా ఉండగలడా?

అయితే ఇదంతా ఆ మైదానంలో ఉన్న అందరికీ వర్తిస్తుంది. నీ స్నేహితురాలికి ఏడుపు రాలేదు. మీ మావయ్య కూతురికీ రాలేదనుకుంటాను, వచ్చి ఉంటే రాసేదానివి. నీకే ఎందుకొచ్చింది? నాకు తోచింది చెప్తాను, తప్పయితే కొట్టిపారెయ్యి.

నీ ఉత్తరంలో అసలు సంగతి చిట్టచివర, "అన్నట్టు" అని మొదలుపెట్టిన వాక్యంలో ఉంది. ఇన్నేళ్లుగా ఉత్తరాలు చదువుతున్నాను, "అన్నట్టు" తర్వాత వచ్చేదాన్ని నేను ముందు చదువుతాను.

చూడు, నువ్వు పుట్టినప్పట్నుంచీ తెలుగు గడప లోపలి భాష. అమ్మ తిట్టేది, నాన్న కూనిరాగం తీసేది, అప్పడాల పిండి కలిపే ఆడవాళ్లు కబుర్లు చెప్పుకునేది అందులో. గడప దాటితే ఒడియా. బస్సులో, బళ్లో, బజారులో అదే. నీకు ఒడియా పరాయి భాష అనడం లేదు, నాకూ కాదు. కానీ తెలుగు ఎప్పుడూ నలుగురైదుగురి గొంతుల్లోనే విన్నావు, అదీ తలుపులు వేసుకున్నాక. ఆ రాత్రి మొదటిసారి ఆకాశం కింద వేలమంది నోట విన్నావు. అదీ మీ నాన్న ఒక్కడే పాడుకునేదనుకున్న పాట. మీ ఇంట్లో వస్తువు ఏదో ఊరంతటి ఇళ్లలోనూ ఉందని ఒక్కసారి తెలిసినట్టు అయింది. నేనైనా ఏడ్చేదాన్నే.

నేను ఏడవలేదు గానీ ఈల వేశాను. నువ్వు కాన్సర్ట్ అంటావు, మా కాలంలో మెలోడీ అనేవాళ్లం, మన వైపు ఇప్పటికీ అంటారు. 1980ల్లో దసరాకి మా ఊళ్లో మెలోడీ పెట్టారు. వీధి మధ్యలో స్టేజీ, రెండు స్తంభాలకి కట్టిన ట్యూబులైట్లు, కింద గోనెపట్టాల మీద జనం. అన్నీ ఒడియా, హిందీ పాటలే. కావలసిన పాట చీటీ మీద రాసి పంపొచ్చు. మా అన్నయ్య ఒక తెలుగు పాట పేరు రాసి పంపాడు. రాత్రి పదకొండు దాటాక గాయకుడు ఆ పాట ఎత్తుకున్నాడు. ఒడియా అక్షరాల్లో రాసుకున్నాడు పాపం, "మనసు" అన్నచోటల్లా "మొనొసు" అన్నాడు. అయినా సరే, వెనక వరసల్లోంచి, అరుగుల మీదనుంచి, మేడల పైనుంచి ఎక్కడెక్కడి మనవాళ్లో గొంతు కలిపారు. ఇంతమంది ఉన్నామా అనిపించింది. ఆ చీకట్లో ఎవరూ చూడరులే అని రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాను. మా అమ్మ చూసింది. ఇంటికెళ్లాక ఏం జరిగిందో అడక్కు.

ఇంకో సంగతి, ఆ రాత్రి ఆ పాట పాడినవాళ్లలో సగంమంది ఒడియావాళ్లే. అర్థం తెలియకపోయినా వరస తెలుసు. ఈ జిల్లాల్లో పాటలకి హద్దు ఎప్పుడూ లేదు. బాలుగారు ఒడియాలోనూ పాడారు, వాణీ జయరాం కూడా పాడారు. మా పక్కింటి ఒడియా ముసలమ్మ వాణీ జయరాంని "మన పిల్లే" అనేది, ఆవిడ తమిళావిడని చెప్తే ఒప్పుకునేది కాదు.

ఇక ఆటో అతను. అతని ప్రశ్నలో చెడు ఏమీ లేదు. మీ నలుగురూ వెనక సీట్లో ఒకరితో ఒడియాలో, ఒకరితో తెలుగులో మాట్లాడుతూ ఉంటారు, అడిగాడు. కానీ రెండు గంటల కిందట వేలమందితో కలిసి "ఇది నాది" అనుకున్నావు, అంతలోనే ఒకడు "మీరు ఎక్కడివాళ్లు?" అన్నాడు. అది గుచ్చుకుంది. గుచ్చుకోకపోతేనే ఆశ్చర్యం. నన్ను శ్రీకాకుళంలో చీరల కొట్టువాడు "మీ మాట ఒరిస్సావాళ్లలా ఉందేంటండీ" అంటాడు. భువనేశ్వర్‌లో ఆఫీసు గుమాస్తా "తెలుగువాళ్లా?" అంటాడు. నలభై ఏళ్లుగా ఈ రెండు ప్రశ్నలూ వింటున్నాను. మొదట కోపం వచ్చేది, తర్వాత విసుగు. ఇప్పుడు ఇద్దరికీ "అవును" అని చెప్పి బేరం కొనసాగిస్తాను.

మన ఈ తికమక మన తప్పు కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్సు అయినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాని చీల్చారు. మీ బరంపురం, మా పర్లాకిమిడి ఊరు ఒడిశాలోకి వెళ్లాయి, కూతవేటు దూరంలో ఇచ్ఛాపురం మద్రాసులో ఉండిపోయింది. ఒడిశా ఏర్పాటుకి గట్టిగా నిలబడి, తర్వాత ఆ ప్రావిన్సుకి మొదటి ప్రధానమంత్రి (ఇప్పటి ముఖ్యమంత్రిని అప్పుడు అలా అనేవారు) అయిన కృష్ణచంద్ర గజపతి మా ఊరి రాజావారే. మా తాతగారు పుట్టిన ఇంట్లోనే పోయారు. పుట్టింది మద్రాసు ప్రెసిడెన్సీలో, పోయింది ఒడిశాలో, మధ్యలో ఒక్క సామానూ సర్దుకోలేదు.

అందుకే ఉద్యోగం విశాఖలో చూసుకోవాలన్న మాట దగ్గర కాస్త ఆగు. మంచి ఉద్యోగం దొరికితే తప్పకుండా వెళ్లు, రైలెక్కితే నాలుగైదు గంటలు, అదేమీ దేశం కాని దేశం కాదు. కానీ ఆ మైదానంలో ఉన్నట్టు ఉంటుందని మాత్రం వెళ్లకు. ఆ వేలమంది మర్నాడు ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయారు. అక్కడ ఇల్లు అద్దెకి తీసుకున్న మొదటి రోజే ఇంటావిడ అడుగుతుంది, "మీరు ఒరిస్సావాళ్లా?" అని. దానికి నవ్వుతూ జవాబు చెప్పగలిగిన రోజు వెళ్లు. ఈ నెల మాత్రం ఏ నిర్ణయమూ వద్దు.

పది రోజులు ఏ పనీ చేయబుద్ధి కాలేదన్నావు. పెళ్లి జరిగిన ఇల్లు మర్నాడు ఎలా ఉంటుందో గుర్తు చేసుకో. పందిరి విప్పేస్తారు, చుట్టాలు వెళ్లిపోతారు, వాకిట్లో అరిటాకులు మిగులుతాయి. పెళ్లికూతురి తల్లి ఏ మూలో కూర్చుని ఊరికే ఏడుస్తుంది. నీకు వచ్చింది అదే. దానికి తోడు ఎన్ని గంటలు నిలబడ్డారో, ఏం తిన్నారో, రాత్రి రైల్లో ఎంత నిద్రపోయారో. నీ ఉత్తరాన్నిబట్టి అది తగ్గుతున్నట్టే ఉంది. ఒకవేళ తగ్గకుండా నిద్ర, తిండి పాడై వారాల తరబడి అలాగే ఉంటే మాత్రం డాక్టరుకి చూపించుకోవాలి. అది కాన్సర్ట్ గురించి కాకపోవచ్చు.

చెవుల మోతని మాత్రం తేలిగ్గా తీసుకోకు. 85 డెసిబెల్స్ మోతని చెవి ఎనిమిది గంటలు ఓర్చుకుంటుందని ఒక లెక్క. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి సగం పడిపోతుంది. అలా లెక్కేస్తే 100 డెసిబెల్స్ దగ్గర పావుగంట. పెద్ద స్పీకర్ల ముందు మూడు గంటలు నిలబడితే ఏమవుతుందో నువ్వే లెక్కవేసుకో. ఈసారి మోత రెండు రోజుల్లో పోయింది కాబట్టి బతికిపోయావు. ప్రతిసారీ అలా పోతుందని రాసిచ్చేవాళ్లు లేరు. మందుల షాపులో మెత్తటి స్పాంజి ఇయర్‌ప్లగ్స్ తక్కువ ధరకే దొరుకుతాయి. పెట్టుకుంటే పాట పోదు, మోతే తగ్గుతుంది. స్పీకర్లకి దూరంగా నిలబడు. ఇంకోసారి మోత మూడు నాలుగు రోజులు దాటినా, ఒక చెవి మందగించినట్టు అనిపించినా మీ ఊళ్లోనే పెద్ద మెడికల్ కాలేజీ ఉంది, ఇందాక చెప్పిన రాజావారి పేరు పెట్టినదే. చెవి డాక్టరుకి చూపించుకో.

హైదరాబాదు సంగతి. మీ అమ్మ వద్దంటోందంటే పాట మీద కోపంతో కాదు. 2025 జూన్‌లో బెంగళూరు స్టేడియం దగ్గర తొక్కిసలాటలో 11 మంది పోయిన వార్త ఆవిడా చూసి ఉంటుంది. కాబట్టి ఆవిడతో వాదించకు, ఏర్పాట్లు చూపించు. ఎవరెవరు వెళ్తున్నారు, రాత్రి ఎక్కడ పడుకుంటారు, తిరుగు టికెట్ ఏ రోజుకి అన్నది కాగితం మీద పెట్టు. జనంలో ఫోన్లు పనిచేయవు, అందుకని తప్పిపోతే ఏ గేటు దగ్గర కలుసుకోవాలో లోపలికి వెళ్లకముందే అనుకోండి. చేతులు కదపడానికి చోటు లేనంత ఒత్తిడి అనిపిస్తే పాట ఎంత బాగున్నా అప్పుడే పక్కకి జరిగి బయటపడాలి. ఇరుక్కుపోతే చేతులు రెండూ రొమ్ముకి అడ్డంగా పెట్టుకుని ఊపిరికి చోటు ఉంచుకోవాలి, జనానికి ఎదురు తొయ్యకూడదు. ఇవన్నీ చెప్పాక కూడా అమ్మ వద్దంటే, ఈసారికి ఆ డబ్బు దాచుకో. నిజం చెప్పాలంటే నాకూ కొంచెం అనుమానమే. పోయిన నెల వచ్చిన ఏడుపు మళ్లీ వస్తుందని వెతుక్కుంటూ వెళ్తే రాదు. ఊరికే పాటలు వినడానికి వెళ్లేట్టయితే వెళ్లు.

నువ్వు అడగని విషయం ఒకటి. తెర మీది అక్షరాలు చదవలేకపోయానని రాశావు. నేర్చుకోమని నీతి చెప్పను. కానీ ఒడియా చదివినదానికి తెలుగు అంత కష్టం కాదు. అ ఆ ఇ ఈ నుంచి హల్లుల దాకా వరస ఒకటే, మొదట చెప్పిన ఎ ఏ, ఒ ఓ ల తేడా తప్పిస్తే గుణింతాలూ ఒకటే. రెండూ గుండ్రటి అక్షరాలే, రెండూ తాటాకు మీద గంటంతో రాసినవే, నిలువు గీతలు గీస్తే ఆకు చీలిపోతుందని గుండ్రంగా తిప్పారంటారు. చిన్నపిల్లల వాచకంతో మొదలుపెట్టకు, విసుగొస్తుంది. ఆ పాట నీకు కంఠతా వచ్చు కదా, దాన్నే తెలుగు అక్షరాల్లో ముందు పెట్టుకుని పాడుతూ ఒక్కో అక్షరం మీద వేలు పెట్టు. ఏ మాట ఎక్కడుందో నీకు ముందే తెలుసు, అక్షరమే తెలియాలి. నేను ఒడియా నేర్చుకున్నది ఇలాగే, గుళ్లో రోజూ వినే భజనల పుస్తకం పెట్టుకుని. మీ నాన్నని పక్కన కూర్చోబెట్టుకో. ఆ పాట ఆయనకి ఎక్కడ పట్టుకుందో కూడా అడుగు. నువ్వు ఏడ్చిన సంగతి ఆయనకి చెప్పినట్టు లేవు.

చివరగా నీ స్నేహితురాలు. వీడియో పెట్టడం తప్పే. ఏడుస్తున్న మనిషిని అడక్కుండా పదిమందికి చూపించకూడదు. కానీ ఆమె వైపు నుంచి కూడా చూడు. తనది కాని భాషలో పాటలు వినడానికి టికెట్ కొనుక్కుని, అన్ని గంటలు రైల్లో కూర్చుని నీతో వచ్చింది. పక్కనున్న పిల్ల పాడుతూ పాడుతూ ఏడ్చింది. ఎందుకని అడిగితే దుమ్ము అంది. అడిగింది కదా పాపం! దుమ్ముకి నవ్వక ఏం చేస్తుంది? మీ నాన్న షట్టర్ దించడం ఆమె స్కూలు రోజుల నుంచీ చూసే ఉంటుంది, కానీ ఆయన ఏం పాడుతున్నాడో ఆమెకి తెలియదు. ఇంటికి పిలిచి చెప్పు, ఒడియాలోనే చెప్పు. ఫోన్లో వద్దు. ఆటో అతని మాట కూడా చెప్పు. అతని ప్రశ్న ఆమెకి గుర్తు కూడా ఉండదు. ఒరిస్సావాళ్లా అంటే ఆమె సింపుల్‌గా అవును అనేసి ఉంటుంది.

ఆ తర్వాత, ఆ వీడియో ఇంకా ఎక్కడైనా ఉంటే తీసేయమను. తీసేసే ముందు నీకు ఒకటి పంపమను. అందులో నువ్వు ఏడుస్తూ కూడా పాట మానలేదు.